జొన్నచేలో చివరి పాట

వేలితో ఒకసారి తాకితే లోకంలోని ఏ పాటైనా చెవిలో పడే ఈ కాలంలో, ఒక పాట చివర ఏముందో తెలుసుకోవడానికి నేను నాలుగేళ్ళు కాచుకున్నానంటే మా అమ్మాయి నమ్మదు. నమ్మకపోగా, "అంత పెద్ద పాటా నాన్నా అది?" అని అడుగుతుంది. కాదు. ఆ పాట మొత్తం కలిపి నిమిషం కూడా లేదు. (ఈ నిజం చెప్పాక ఇంట్లో నాకున్న కాస్త మర్యాద కూడా తగ్గింది.) కానీ రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్ళలో, కర్నూలులో, నాలాంటి కంగారు మనిషికి ఆ నిమిషం ఎంత పెద్దదో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. నేను మామూలు కంగారు మనిషిని కాను. బస్సెక్కితే దిగాల్సిన ఊరు దాటిపోయిందేమోనని భయం, దిగితే ఒక ఊరు ముందే దిగేశానేమోనని భయం. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా పోయి, మళ్ళీ వెనక్కొచ్చి తాళం లాగి చూసుకునే జాతి నాది.

అప్పుడు నేను డిగ్రీ ముగించి, ఉద్యోగం దొరికేదాకా ఊరికే తిరగకూడదని మా చిన్నాయన క్యాసెట్ల అంగట్లో కూర్చునేవాణ్ణి. పాత ఊళ్ళో ఇరుకు అంగడి. గోడల నిండా క్యాసెట్లు, అప్పుడప్పుడే క్యాసెట్లను పక్కకు నెడుతున్న సీడీలు. మంత్రాలయం పోయే భక్తులు స్వామివారి పాటలు కొనేవారు, కాలేజీ పిల్లలు సినిమా పాటలు కొనేవారు. నేను మాత్రం ఆ అంగట్లో దొరకని వాళ్ళను ప్రేమించాను. అమెరికాలో ఎక్కడో, ఎనభైల్లో, నలుగురు కుర్రాళ్ళు పెట్టుకున్న బ్యాండు. (పేరు చెప్పను. చెబితే వాళ్ళ అభిమానులు నన్ను తప్పులు పట్టుకోవడానికి వస్తారని ఇప్పటికీ భయమే.) పంకు రాక్ వాళ్ళ అరుపూ త్రాష్ మెటల్ వాళ్ళ గిటారూ రెండూ కలిపి కొట్టేవాళ్ళు. ప్రభుత్వం మీద కోపం, యుద్ధం మీద కోపం, పై అధికారుల మీద కోపం. ఒక్కో పాటకు ఒక్కో కోపం, ఒక్కో కోపానికి ఒక్కో నిమిషం. మా చిన్నాయన వాళ్ళకు పెట్టిన పేరు రంపం మిషనోళ్ళు.

వాళ్ళ మొదటి ఆల్బం నాకు బెంగళూరులో చదివే ఒక మిత్రుడి దయవల్ల దొరికింది. వాడి జుట్టు భుజాలు దాటి కిందికి వేలాడేది కాబట్టి మా వాళ్ళంతా వాణ్ణి జడలోడు అనేవారు. వాడు ఒక పాత సినిమా పాటల క్యాసెట్ మీదే ఈ ఆల్బంను ఎక్కించి ఇచ్చాడు. అందులో చివరి పాటలో గాయకుడు ఒకే ప్రశ్న ఇంగ్లీషులో అరుస్తూ ఉంటాడు. తెలుగులో చెప్పాలంటే, "ఇంకెంతసేపు?" అని. తొమ్మిదిసార్లు అడుగుతాడు. పదోసారి నోరు తెరిచి సగం మాట అన్నాడో లేదో టక్కుమని ఆగిపోయి, కింద మిగిలిపోయిన పాత సినిమా పాట నుంచి పిల్లనగ్రోవి మొదలయ్యేది. జడలోడు తొందరపడి ముందే బటన్ నొక్కేశాడని నాకర్థమైంది. అడిగితే "గుర్తులేదు మచ్చా" అన్నాడు. అంతే, నాకు నిద్ర కరువైంది. అంతగా అడిగినవాడు చివరికి ఏమని జవాబు చెప్పాడు? ఎలా ముగించాడు? తట్టుకోలేక నేనే ఒక ముగింపు కట్టుకున్నాను. స్నానాల గదిలో బక్కెట్టు బోర్లించి నాలుగు దెబ్బలు కొట్టి, ఊపిరి అందినంతవరకూ ఒక పొడుగాటి కేక. మొదటి రోజు మా నాయన తలుపు బాది, "ఏమైందిరా? తేలు గానీ కుట్టిందా?" అన్నాడు. తర్వాత అలవాటు పడి, "ఇంకెంతసేపురా? నేను పోవాల పనికి!" అని మాత్రం అరిచేవాడు. ఆ ముగింపు నాకెప్పుడూ తృప్తినివ్వలేదు. సొంత కేక సొంత కేకే, అసలుది అసలుదే.

నాలుగో ఏడు, నెట్ సెంటర్లో కూర్చుని ఉద్యోగాల కోసం వెతుకుతున్నానని ఇంట్లో చెప్పి వాళ్ళ కబుర్లు వెతుకుతుంటే, ఆ వార్త కనిపించింది. నలుగురిలో ఇప్పుడు ఇద్దరికి బట్టతల వచ్చింది, అయినా వాయిస్తూనే ఉన్నారు, వాళ్ళ మొదటి మూడు ఆల్బంలనూ శబ్దం శుభ్రం చేసి, పాటల మాటలతో చిన్న పుస్తకం జతచేసి మళ్ళీ విడుదల చేస్తున్నారు. కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాను. జడలోడు తనకు తెప్పించుకునేటప్పుడు నాకూ ఒక సెట్టు తెప్పించి పోస్టులో పంపుతానన్నాడు. ఇంటి చిరునామా ఇస్తే నాయన విప్పుతాడని అంగడి చిరునామా ఇచ్చాను. ఆ తర్వాత రెండు నెలలు నేను మనిషిని కాను. పోస్టుమ్యాన్ సైకిలు గంట వినబడితే వీధిలోకి పరిగెత్తేవాణ్ణి. సీడీ దారిలో విరిగితే? వాన పడితే? (కర్నూలులో వాన గురించి భయపడినవాణ్ణి ఆ ఏడు నేనొక్కణ్ణే అయి ఉంటాను.)

ఒక గురువారం సాయంత్రం టీ తాగి వచ్చేసరికి పార్సిల్ వచ్చి ఉంది. కానీ నా చేతికి రాలేదు. అంగట్లో అమ్మవారి పటం ముందు, పసుపు కుంకుమలు పెట్టించుకుని, ఒక పువ్వు కూడా నెత్తిన పెట్టుకుని కూర్చుంది. మా ఇళ్ళలో అదొక పద్ధతి. అంగడికి ఏ కొత్త సరుకు వచ్చినా ఒక రాత్రి అమ్మవారి ముందు ఉంచి, మర్నాడు పొద్దున విప్పి అమ్మకానికి పెడతారు. చిన్నాయన కళ్ళజోడు పైకి నెట్టి, "బెంగుళూరు నుంచి వచ్చిండాది. నువ్వు తెప్పించినావా ఏందిరా?" అన్నాడు. నాది చిన్నాయనా, అంగడిది కాదు అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. అంగడి చిరునామాకు సొంత వస్తువు తెప్పించుకున్నందుకు ఏమంటాడోనని భయం. "అవును చిన్నాయనా, కొత్త రకం. నడుస్తాయేమో చూద్దామని..." అన్నాను. చిన్నాయన ముఖం వెలిగింది. "ఇన్నాళ్ళకు నీకూ యాపారం బుద్ధి వచ్చిందిరా నాయనా" అని పార్సిల్ మీద ఇంకొంచెం కుంకుమ వేశాడు.

మర్నాడు చిన్నాయన గుడికి పోయే వేళ నేనే అంగడి తెరిచాను. ఊడ్చి, ముందర నీళ్ళు చల్లి, ఊదుబత్తి వెలిగించి, పార్సిల్ విప్పాను. మూడూ క్షేమం. మొదటి దాని అట్ట మీద టైలు కట్టుకున్న అస్థిపంజరాలు వరసలో నిలబడి ఉన్నాయి. చివరి పాట నేరుగా పెట్టుకోవచ్చు. పుస్తకంలో చివరి పేజీ చూసినా చాలు. కానీ నాలుగేళ్ళు ఆగినవాణ్ణి, మొదటి పాట నుంచి వరసగా వింటూ మర్యాదగా చివరికి చేరాలని పట్టుదల. సన్నగా పెట్టాను. బాగోలేదు. కొంచెం పెంచాను. ఇంకొంచెం పెంచాను. పదకొండో పాట నడుస్తుండగా అంగడి ముందు తలగుడ్డ చుట్టుకున్న ఒక ముసలాయన వచ్చి నిలబడి, చేతి సంచి కింద పెట్టి, తల ఒక పక్కకు వాల్చి వినడం మొదలుపెట్టాడు. భయపడి ఆపేశాను.

"ఆపినావేంటికప్పా? పెట్టు, పెట్టు," అన్నాడు. "ఎవురీయప్ప? శానా బాగ అరుస్తాండాడు."

నా ఇరవై అయిదేళ్ళ జీవితంలో ఆ బ్యాండును మెచ్చుకున్న రెండో మనిషి ఆయన. ఉబ్బిపోయి, బ్యాండు చరిత్రంతా చెప్పబోయాను. ఆయన వినలేదు. "మాది కోడుమూరు తట్టు. జొన్న యేసినాం. కంకి పాలు పోసుకుంటాండాది. గువ్వలు, చిలకలు దండుగా వచ్చి పడతాండాయి. మా ఆడామె మంచె మీద నిలబడి అరిసిందంటే మూడు చేన్ల దాక ఒక్క పిట్ట వాలేది కాదు. ఇప్పుడు గొంతులో ఏదో కాయ లేసి, కర్నూలు పెద్దాసుపత్రిలో కోసినారు. మాట రాల్యా. బ్యాటరీ మీద పాడే సీడీ పెట్టె ఒకటి కొన్యా. దాన్లోకి అరిసేటిది యాదన్నా ఇయ్యి శెట్టీ. ఈయప్పనే ఇయ్యి."

"ఇది అమ్మేది కాదు తాతా," అని నేను అంటుండగానే, చేతిలో ప్రసాదంతో చిన్నాయన మెట్లెక్కుతున్నాడు. "అమ్మేది కాదా? రాత్రి అమ్మవారి ముందర పెట్టిన సరుకు, అమ్మేది కాదంటే ఎట్లరా?" అని నా చెవిలో బుస కొట్టి, "బోణీ బేరం! బోణీకి వచ్చినాయప్పను లేదని పంపిస్తే ఆ దినమంతా పోతాది. ఇయ్యి!" అన్నాడు. కాపీ తీసి ఇస్తానన్నాను. బోణీకి వచ్చిన మనిషిని నిలబెట్టకూడదన్నాడు. మిగతా రెండూ చూపించి ఇవి ఇంకా బాగుంటాయి తాతా అన్నాను. ఆయన రెండూ పెట్టించుకుని, రెండేసి పాటలు కళ్ళు మూసుకుని విని, పెదవి విరిచాడు. "ఇయ్యి వద్దు. శానాసేపు వాయిస్తాండారు. మొదట్లో ఉన్న ఊపు ల్యా. పాతదే బాగుండాది." (ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు తెలిసింది, ప్రపంచం నలుమూలలా ఆ బ్యాండు అభిమానులు ముప్పై ఏళ్ళుగా కొట్లాడి తేల్చుకున్నదీ ఇదేనని.) తాత ఇచ్చిన దుడ్లు చిన్నాయన కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు. నా అస్థిపంజరాలు జొన్నరొట్టెల మూట పక్కన సంచిలోకి దిగిపోయాయి. పదకొండో పాట దగ్గర. ఇంకా అయిదు పాటలుండగా.

ఆ రెండు రోజులు ఎలా గడిచాయో అమ్మవారికే తెలియాలి. అన్నం ముందు కూర్చుంటే చేలో దుమ్ము గుర్తొచ్చేది. ఆ దుమ్ములో సీడీ ఎన్నిరోజులు ఉంటుంది? ఆయన దాన్ని తుడిచేది తలగుడ్డతోనే కదా? ఎండలో పెడితే వంగిపోదా? తాత ఊరిపేరు చిన్నాయనతో మాటల్లో చెప్పాడు కాబట్టి ఆదివారం పొద్దున్నే కోడుమూరు బస్సెక్కాను. చేతిలో ఒక మంచి సీడీ, సినిమాల్లోంచి ఏరిన కొట్లాట శబ్దాలు. దీన్ని ఇచ్చి దాన్ని తెచ్చుకోవాలని పథకం. దారి పొడుగునా తాతకు చెప్పాల్సిన మాటలు లోపల్లోపల వల్లించుకుంటూ, ఊరు దాటిపోయిందేమోనని కండక్టరును నాలుగుసార్లు అడిగి తిట్టించుకున్నాను.

బస్సు దిగి నల్లరేగడి గట్లమీద నడుస్తుంటే, దూరంగా ఒక జొన్నచేలో తళుక్కుమని ఏదో మెరిసింది. ఇంకొంచెం దగ్గరికి పోయి చూసి, నడిచేవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. చేను చుట్టూ కట్టెలు పాతి, దారాలు కట్టి, సీడీలు వేలాడదీసి ఉన్నారు. ఎండకు గిరగిరా తిరుగుతూ మెరుస్తున్నాయి. పిట్టలు బెదరడానికి! ఒక్కోదాని అంచున మేకుతో పొడిచిన బొక్క. ఒక్కో కట్టె దగ్గరికీ పరిగెత్తి, ఒక్కో సీడీ తిప్పి చూశాను. పాత సినిమాలు. ఒకటి పెళ్ళి వీడియో. (పెళ్ళికూతురెవరో గానీ, ఆమె పెళ్ళి పిట్టలను తోలుతోంది.) నాలుగో కట్టె దగ్గర ఉండగా చేను నడుమ కట్టిన మైకు బాకాలోంచి నా గాయకుడి గొంతు ఒక్కసారిగా ఉరిమింది, జొన్నలోంచి వంద గువ్వలు లేచాయి. బతికుందిరా దేవుడా అనుకున్నాను. అంత గట్టిగా ఆ పాటను నేనెప్పుడూ వినలేదు, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మంచె మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకుంది, చేతిలో రాళ్ళు విసిరే వడిసెల. కింద తాత. నన్ను చూసి, "యాడి నుంచి వస్తివప్పా శెట్టీ! రా, పైకెక్కి కూకో," అన్నాడు. నేను తెచ్చిన కొట్లాట సీడీ చూపించి పథకం విప్పాను. ఆయన నవ్వాడు. "అది మాకాడ ఉండాదిలే. పోయిన వారమే పెట్టినాం. రెండు దినాలు బెదిరినాయి, మూడోదినం బాకా మీదే కూకున్యాయి. పాటైనా అంతే. వరసగా వాయిస్తాంటే పిట్టకు తెలిసిపోతాది. ఈయప్ప అట్ల కాదు. ఎప్పుడు మొదలు పెడతాడో తెలీదు, ఎప్పుడు ఆపుతాడో తెలీదు. ఆపినాడు గదా అని వాలబోతాదా, ధన్ మని మల్ల అందుకుంటాడు. ఏ గువ్వకు అలవాటు పడతాదప్పా ఇది?"

ఆ బ్యాండు గొప్పతనం గురించి నేను నెట్ సెంటర్లో గంటలు గంటలు చదివాను. ఇంత సరిగ్గా చెప్పినవాడు ఇంకొకడు లేడు. అవ్వ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. మాట కాదు, ఊపిరే వచ్చింది ఆమె గొంతులోంచి. "ఆయప్పకు గొంతు పోతాది నాయనా. అట్ల అరిసీ అరిసే నాకు పోయింది. ఉప్పునీళ్ళు పుక్కిలించమని చెప్పు."

చెబుతానన్నాను.

"సీడీ చివరిదాకా ఒక్కసారి వినిపోతాను తాతా," అన్నాను. అడిగి తెచ్చుకునే ధైర్యం అప్పటికే సగం పోయింది. పన్నెండో పాట అయింది. పదమూడు. పద్నాలుగో పాటలో సీడీ కిరకిరమని ఒకేచోట తిరగడం మొదలుపెట్టింది. తాత పెట్టె మీద ఒక దెబ్బ వేశాడు, ముందుకు పోయింది. పదిహేనో పాటకు పెట్టె మీద ఎర్ర దీపం మిణుకుమంది. "బ్యాటరీ అయిపోతాండాది," అన్నాడు తాత తాపీగా. దేవుడా, ఇంకొక్క నిమిషం, ఒక్క నిమిషం చాలు అని మొక్కుకున్నాను. పదహారో పాట మొదలైంది. ఇంకెంతసేపు? ఒకటి. రెండు. అవ్వ వేళ్ళమీద లెక్కపెడుతోంది, ఆమెకు కూడా కంఠతా వచ్చేసింది. ఎనిమిది. తొమ్మిది. పదోసారి నోరు తెరిచాడు, సగం మాట అన్నాడు, ఆగిపోయాడు.

బ్యాటరీ అనుకున్నాను. కాదు, దీపం వెలుగుతూనే ఉంది. గీత పడిందనుకున్నాను. సీడీ నిదానంగా తిరుగుతూనే ఉంది. తాతను పుస్తకం అడిగి, చివరి పేజీ తిప్పి చూశాను. అక్కడా సగం మాట దగ్గరే అచ్చు ఆగిపోయి, కింద ఖాళీ కాగితం. అంతే. పాట అంతే. వాళ్ళు దాన్ని అక్కడే ఆపేశారు. జడలోడు పాపం ఏ బటనూ ముందుగా నొక్కలేదు. నాలుగేళ్ళుగా వాణ్ణి తిట్టుకున్నాను, నాలుగేళ్ళుగా లేని జవాబు కోసం చూశాను. మంచె మీద కూర్చుని ఆ ఖాళీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను.

అవ్వ నన్ను మోచేత్తో పొడిచింది. చివరి పాట అయ్యాక సీడీ మళ్ళీ మొదటికి రావడానికి కాస్త సమయం పడుతుంది. ఆ సందు చూసుకుని గువ్వలు దండుగా దిగుతున్నాయి. అవ్వ వడిసెల ఎత్తబోయి, భుజం పట్టుకుని దించేసింది. నా వైపు తిరిగి ఊపిరితోనే అంది, "ఈడ నేను అరిసేదాన్ని నాయనా. ఇప్పుడు నువ్వు అరుసు."

సిగ్గు పడ్డాను. కానీ పిట్టలు ఆగవు కదా. మంచె పలక మీద పిడికిలితో నాలుగు దెబ్బలు కొట్టి, స్నానాల గదిలో నాలుగేళ్ళు సాధన చేసిన నా ముగింపును, ఊపిరి అందినంతవరకూ, కోడుమూరు ఆకాశంలోకి వదిలాను. చేను చేనంతా ఒక్కసారి లేచింది. పక్క చేలో పిట్టలు కూడా లేచాయి. అవ్వ చప్పట్లు కొట్టింది. తాత కింద నుంచి, "సీడీ కంటే నువ్వే మేలప్పా! అంగట్లో కూకోని ఏం సేస్తాండావు?" అన్నాడు. ఇంతవరకూ నాకు ఏ పనిలోనూ అంత మంచి పేరు రాలేదు.

సీడీ అడగలేదు. తాత కొత్త బ్యాటరీ వేశాక, సాయంత్రందాకా ప్రతి పదహారో పాటకూ ఒక కేక వేసి, వాళ్ళిచ్చిన పచ్చిజొన్న కాల్చిన ఊచబియ్యం తిని, గొంతు బొంగురుపోయి చివరి బస్సుకు ఇల్లు చేరాను. అవ్వకిచ్చిన మాట తప్పకూడదని మర్నాడే నెట్ సెంటర్లో కూర్చుని, వచ్చిన ఇంగ్లీషులో, ఆ బ్యాండుకు ఉత్తరం పంపాను. కర్నూలు జిల్లాలో మీ పాటలతో ఒక పంట దక్కుతోందనీ, గాయకుడుగారు రోజూ ఉప్పునీళ్ళు పుక్కిలించాలనీ. జవాబు రాలేదు. వాళ్ళకు జవాబులిచ్చే అలవాటు లేదని అప్పటికే తెలుసు కాబట్టి బాధపడలేదు. ఇంట్లో నాయన, "ఎవురితో కొట్లాడొచ్చినావురా, గొంతు పోయిండాది?" అన్నాడు. పనికి పోయొచ్చినా నాయనా అన్నాను.

ఇప్పుడు ఆ ఆల్బం ఫోనులోనే ఉంది, ఎప్పుడంటే అప్పుడు వినొచ్చు. దుమ్ము భయం లేదు, బ్యాటరీ భయం మాత్రం ఇంకా ఉంది. అయితే ఆ చివరి పాట ఆగిపోగానే నా నోరు దానంతటది తెరుచుకుంటుంది. ఎవరో పక్క నుంచి మోచేత్తో పొడిచినట్టే ఉంటుంది. మొన్న ఆదివారం స్నానాల గదిలో ఎవరూ వినడం లేదనుకుని, బక్కెట్టు బోర్లించి, నాలుగు దెబ్బలు కొట్టి, పూర్తిగా అరిచేశాను. నలభై దాటిన గొంతు, సగంలోనే దగ్గొచ్చింది. బయట మా అమ్మాయి తలుపు తట్టి, "నాన్నా, ఇంకెంతసేపు?" అంది.

"అయిపోయింది తల్లీ, వస్తాండా," అన్నాను, మగ్గులో నీళ్ళతో పుక్కిలిస్తూ.